ఎడిసన్ మహాశయుని బ్యాటరీ

మేడ్చల్ పట్టణము మీదుగా 44వ జాతీయ రహదారి ఉత్తరమున నాగపురము వైపునకు సాగిపోవుచున్నది. దానికి కొంత తూర్పుగా, శామీర్‌పేట మీదుగా, రాజీవ్ రహదారి సిద్దిపేట, కరీంనగరముల వైపునకు పోవుచున్నది. ఒకప్పుడు ఈ దారులందు ఎడ్లబండ్ల గంటల సవ్వడియే వినవచ్చుచుండెను. పిమ్మట బస్సులు, లారీలు, పెట్రోలు బండ్లు వచ్చి దారిని ధూమమయము గావించినవి. ఇప్పుడు పొగయు, రొదయు లేక విద్యుచ్ఛక్తితో నడచు స్కూటర్లును, ఆటోలును, కార్లును వాటి నడుమ కనబడుచున్నవి.

అయినను అట్టి బండిని కొనదలచిన గృహస్థుని మనస్సున ఒక సంశయము పీడించుచుండును. ఇక్కడి నుండి సికింద్రాబాదునకు ఇంచుమించు పాతిక కిలోమీటర్లు. పోయి వచ్చుటకు ఏబది. నడుమ మరియొక పని తగిలినచో డెబ్బది. ఇంతదూరమునకు బ్యాటరీలోని విద్యుత్తు చాలునా, చీకటి పడిన తరువాత శామీర్‌పేట దాటి బండి ఆగిపోయినచో గతి యేమి, పెట్రోలైనచో సీసాలో తెచ్చుకొనవచ్చును గాని విద్యుత్తును ఏ సీసాలో తెచ్చుకొందుము అని అతడు ఆలోచించును. ఇంటి స్త్రీలకును, పిల్లలను బడికి పంపు తల్లిదండ్రులకును ఈ చింత మరింత అధికము. ఇది పరిహసింపదగిన భయము కాదు. దారి మధ్యమున నిలిచిపోయిన వానికే ఆ కష్టము తెలియును.

ప్రియ విద్యార్థులారా! ఈ భయము క్రొత్తది కాదు. నూఱేండ్లకు పూర్వమే ప్రపంచ ప్రసిద్ధుడైన ఒక మహాశయుడు దీనిని తొలుత తానే పైకి చెప్పి, ఆ తరువాత దానిని నివారింపవలెనని తన జీవితములో పదియేండ్లు ధారపోసెను. ఆయనయే థామస్ ఆల్వా ఎడిసన్. విద్యుద్దీపమును, ఫోనోగ్రాఫును తలచినప్పుడు మనమందఱము ఆయనను తలచుచుందుము. ఆయన బ్యాటరీ కథను మాత్రము ఎఱిగినవారు తక్కువ. మీకు ఉపయోగకరమని తలచి దానినే యిచట ప్రధానముగా వ్రాయుచున్నాను.

ఎడిసన్ అమెరికా దేశమున ఒహాయో రాష్ట్రమందలి మిలాన్ అను చిన్న యూరిలో 1847వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన జన్మించెను. తలిదండ్రులకు అతడు ఏడవ బిడ్డ, కడగొట్టువాడు. 1854లో ఆ కుటుంబము మిషిగన్ రాష్ట్రమందలి పోర్ట్ హ్యూరన్‌కు తరలిపోయెను. బాలుడు బడిలో చదివినది కొద్ది మాసములు మాత్రమే. అతని ప్రశ్నలకు ఓర్వలేక ఉపాధ్యాయుడు మందమతియని యెంచెను. తల్లి నాన్సీ పూర్వము బడిపంతులమ్మగా పని చేసినది. ఆమె కుమారుని బడి మాన్పించి ఇంటనే తానే చదువు చెప్పెను. ప్రతి విషయమును పరీక్షించి చూచిన గాని నమ్మకుండుట అను గుణము అతనికి ఆ తల్లి యొడిలోనే అలవడినది. ఇంటి క్రింది నేలమాళిగలో సీసాలు పేర్చుకొని రసాయన ప్రయోగములు చేయుట అతనికి ఆటయయ్యెను.

పండ్రెండవ యేట అతడు పోర్ట్ హ్యూరన్‌కును డెట్రాయిట్‌కును నడుమ తిరుగు రైలులో వార్తాపత్రికలును, మిఠాయిలును అమ్ముటకు ప్రారంభించెను. సామానుల పెట్టెలో ఒక మూల తన ప్రయోగశాలను నెలకొల్పుకొనెను. ఒకనాడు భాస్వరము క్రిందపడి నిప్పంటుకొనగా అతని సీసాలతో సహా అతనిని రైలు నుండి దింపివేసిరి. బాల్యముననే అతని వినికిడి చాలవఱకు తగ్గిపోయెను. దానిని అతడు దుఃఖకారణముగా తలపక, చుట్టునున్న రొద తన ఆలోచనలను చెదరగొట్టకుండుటకు సహాయమని యెంచుకొనెడివాడు.

1862లో ఒక స్టేషనులో పట్టాలపై ఆడుకొనుచున్న స్టేషను మాస్టరు కుమారుని, పైకి వచ్చుచున్న పెట్టె క్రింద పడకుండ ఎడిసన్ లాగి రక్షించెను. కృతజ్ఞుడైన ఆ తండ్రి అతనికి తంతివిద్య నేర్పెను. ఆ కాలమున తంతియంత్రములు బ్యాటరీల బలముతోనే పనిచేయుచుండెను. ఊరూర తిరుగు తంతి ఉద్యోగిగా అతడు ఆమ్లపు జాడీలతోను, లోహపు రేకులతోను చెలిమి చేసెను. ల్యూయివిల్ నగరమున రాత్రివేళ బ్యాటరీతో ప్రయోగము చేయుచుండగా గంధకామ్లము ఒలికి, నేల సందులగుండ క్రింది గదిలోని అధికారి బల్లపై పడెను. మఱునాడు ఉద్యోగము పోయెను. బ్యాటరీ విషయమున అతడు చెల్లించిన మూల్యములలో ఇది మొదటిది. కడపటిది కాదు.

తరువాతి కథ లోకవిదితము. 1876లో మెన్లో పార్కు అను చోట పరిశోధనశాల నిర్మించెను. 1877లో మాటను పట్టి మరల పలికించు ఫోనోగ్రాఫును, 1879లో చిరకాలము వెలుగు విద్యుద్దీపమును సాధించెను. 1882 సెప్టెంబరు 4వ తేదీన న్యూయార్కు నగరమున పెర్ల్ వీథిలో విద్యుత్కేంద్రమును నడిపి ఇండ్లకు, కార్యాలయములకు దీపములు వెలిగించెను.

అయితే ఇక్కడనే దూరము అను శత్రువు అతనికి ఎదురైనది. అతని కేంద్రము పంపునది ఏకముఖ విద్యుత్ప్రవాహము. అది ఇంచుమించు ఒక మైలు దాటునప్పటికి తీగలలోనే బలహీనమై పోవుచుండెను. వెస్టింగ్‌హౌస్, టెస్లా మున్నగువారు ప్రచారమునకు తెచ్చిన పరివర్తక ప్రవాహమో చాల దూరములకు పోగలిగెను. ఎడిసన్ ఈ సత్యమును అంగీకరింపక, పరివర్తక ప్రవాహము ప్రాణాపాయకరమని చాటుచు కొంతకాలము మొండిగా పోరాడెను. కడకు ఓడిపోయెను. మహాపురుషుల తప్పులను దాచుట వారి చరిత్రకు మేలు చేయదు గనుక దీనిని చెప్పితిని. తన మాటను నిలుపుకొనుటకై వాదించుట వేఱు, సత్యమును తెలిసికొనుటకై పరీక్షించుట వేఱు. ఈ రెండింటి భేదము ఎడిసన్‌కు కష్టముమీదనే తెలిసినది.

1896వ సంవత్సరము ఆగస్టు మాసమున న్యూయార్కు చెంత సముద్రతీరమున ఎడిసన్ విద్యుత్ సంస్థల సమావేశము జరిగెను. డెట్రాయిట్ సంస్థలో ఇంజనీరుగానున్న హెన్రీ ఫోర్డు అను యువకుడు అచటికి వచ్చెను. అతడు తీరిక వేళలలో తన యింటి వెనుక పెట్రోలుతో నడచు బండి నొకదానిని చేసియుండెను. విద్యుత్తు వారి సభలో పెట్రోలు బండిని మెచ్చువారు ఎవరుందురు? అయినను ఎడిసన్ అతనిని దగ్గరకు పిలిపించుకొని ప్రశ్నలడిగి, ఆ ప్రయత్నమును విడువవలదని ప్రోత్సహించెను. విద్యుత్ బండి విద్యుత్కేంద్రమునకు సమీపమున తిరుగవలసినదే గాని దూరము పోజాలదనియు, దాని బ్యాటరీలు మిక్కిలి బరువనియు, ఫోర్డు బండియో తన శక్తిని తనతోనే మోసికొని పోవుననియు ఆయన కారణము చెప్పెనట. ఫోర్డు పిమ్మట ఈ వృత్తాంతమును తానే వ్రాసియున్నాడు. నేడు మన మేడ్చల్ గృహస్థుని మనస్సునందున్న సంశయమే ఆనాడు ఎడిసన్ నోట వచ్చెనని గమనింపుడు.

ఇతరులైనచో అంతటితో ఆ ప్రస్తావన విడిచియుందురు. ఎడిసన్ మాత్రము ఆ దోషమును మఱువలేదు. ఆ కాలమున అతడు న్యూజెర్సీ కొండలలో ఇనుప ఖనిజమును అయస్కాంతముతో వేఱుచేయు గొప్ప కర్మాగారమును నడుపుచుండెను. అందు ఇరువది లక్షల డాలర్లకు పైగా పెట్టిన ధనమంతయు పోయెను. శతాబ్దాంతమున కర్మాగారము మూతపడెను. ఏబదియేండ్లు దాటిన వయస్సు, చెవుడు, ధననష్టము — ఇన్ని యున్నను, 1899 ప్రాంతమున ఆయన విద్యుత్ బండికి తగిన బ్యాటరీని చేయవలెనని పూనుకొనెను.

ఆనాటి విద్యుత్ బండ్లు అల్పసంఖ్యాకములని తలపరాదు. 1900వ సంవత్సరమున అమెరికాలో తయారైన మోటారుబండ్లు 4,192. అందు ఆవిరితో నడచునవి 1,681, విద్యుత్తుతో నడచునవి 1,575, పెట్రోలుతో నడచునవి 936 మాత్రమే. విద్యుత్ బండికి పొగ లేదు, దుర్గంధము లేదు, చేతికఱ్ఱతో త్రిప్పి యంత్రమును లేపవలసిన ప్రయాస లేదు. స్త్రీలును, వైద్యులును దానిని మిక్కిలి మెచ్చుకొనిరి. ఒక్కటే కొఱత — ముప్పది నలువది మైళ్లు పోవునప్పటికి దాని బలము ఉడిగిపోవుచుండెను.

దీనికి కారణము తెలిసికొనుటకు మన ఎడ్లబండినే తలచుకొనుడు. దూరప్రయాణము పోవు బండిలో ఎడ్ల మేతను కూడ వేసికొని పోవుదుము. దూరము పెరిగిన కొలది మేత పెరుగును. మేత పెరిగిన కొలది బరువు పెరిగి ఎడ్లు త్వరగా అలసి మరింత మేత కోరును. విద్యుత్ బండికి బ్యాటరీయే మేత. ఆనాటి బ్యాటరీలో సీసపు రేకులు గంధకామ్లములో మునిగియుండెను. సీసమెంత బరువో మీరెఱుగుదురు. పైగా గతుకుల దారిలో ఆ రేకులపైని పదార్థము రాలిపోవుచుండెను. పూర్తిగా ఖాళీచేసి అట్లే విడిచినచో బ్యాటరీ చెడిపోవుచుండెను. కావున మరికొన్ని సీసపు రేకులను చేర్చినంతమాత్రమున దూరము పెరుగదు.

ఎడిసన్ సీసమును, ఆమ్లమును రెండింటిని విడిచిపెట్ట నిశ్చయించెను. ఆమ్లమునకు బదులు క్షారద్రవమును పోసి, దానిలో నశింపని లోహముల జంట నొకదానిని వెదకసాగెను. అతని వెస్ట్ ఆరంజి పరిశోధనశాలలో పనివారు రేయింబవళ్లు లోహములను, లవణములను మార్చి మార్చి పరీక్షించుచుండిరి. ప్రయోగములు వేలకొలదిగా పెరిగెను. ఫలితము కానరాలేదు. ఇంత శ్రమ వ్యర్థమాయెనే యని ఒక సహచరుడు విచారింపగా, పనికిరాని మార్గములు వేలకొలది తెలిసినవి గదా, అదియు ఫలితమేయని ఎడిసన్ తలచెను. తుదకు ఒక వైపు నికెలును, మఱొక వైపు ఇనుమును, నడుమ పొటాసియం హైడ్రాక్సైడ్ ద్రవమును నిర్ణయించెను. 1901లో బ్యాటరీల తయారీకై ఒక సంస్థను నెలకొల్పెను.

ఇక్కడ ఆయన గొప్ప పొరపాటు చేసెను. పరీక్షలు పూర్తికాకమునుపే పత్రికలవారిని పిలిచి, తన బ్యాటరీ తేలికయైనదనియు, చిరకాలము మన్నుననియు, విద్యుత్ బండి కష్టములు తీరినవనియు చాటెను. జనులు ఆశతో ఎదురుచూచిరి. 1903 ప్రాంతమున బ్యాటరీలు అంగడికి వచ్చెను. కొనినవారు మొదట సంతోషించిరి. కొన్ని మాసములు గడచునప్పటికి ఫిర్యాదులు రాసాగెను. డబ్బాల అతుకులు విచ్చి ద్రవము కారుచుండెను. నికెలుతో కలిపిన గ్రాఫైటు చెడిపోవుటచే కొన్ని బ్యాటరీల బలము దినదినము క్షీణించుచుండెను. నేడు నలువది మైళ్లు పోయిన బండి రేపు ముప్పదియే పోవును. దారిలో నిలిచిపోవుదుమేమో అను భయమును పోగొట్టుటకు వచ్చిన వస్తువు ఆ భయమును రెట్టింపు చేసినది.

విద్యార్థులారా, మనిషి గుణము తెలియునది ఇట్టి వేళలందే. కొనినవారిదే లోపమని చెప్పి తప్పించుకొనుటకు మార్గములు లేకపోలేదు. కొన్ని బ్యాటరీలు బాగుగనే పనిచేయుచున్నవి గనుక అమ్మకము సాగింపవచ్చును. ఎడిసన్ అట్లు చేయలేదు. 1904 చివరలో తయారీని నిలిపివేసెను. చెడిపోయిన వాటిని తిరిగి తీసికొని కొనినవారికి న్యాయము చేసెను. చేతనున్న ధనము ఇందుకు వ్యయమయ్యెను. లోకము అపహసించెను. ఆయన నోరు మూసికొని మరల ప్రయోగశాలలో ప్రవేశించెను.

ఆ ప్రవేశము అయిదేండ్ల తపస్సు. గ్రాఫైటు చెడినది గనుక దానికి బదులు మిక్కిలి పలుచని నికెలు రేకులను తయారుచేయు విధమును కనుగొనిరి. చిల్లులు గల ఉక్కు గొట్టములలో ఒక పొర నికెలు హైడ్రాక్సైడ్, ఒక పొర నికెలు రేకులు, ఇట్లు వందలకొలది పొరలను అదిమి నింపిరి. ద్రవములో కొంచెము లిథియం హైడ్రాక్సైడ్ కలిపినచో బ్యాటరీ బలమును, ఆయువును పెరుగుచున్నవని తెలిసికొనిరి. డబ్బా అతుకులను క్రొత్త పద్ధతిని అదికిరి. ఈ మారు ప్రగల్భములు లేవు. పరీక్షలే ఉండెను. తయారైన బ్యాటరీలను మేడ కిటికీలనుండి క్రిందికి పడవేసి చూచిరి. బండ్లలో అమర్చి గతుకుల దారులందు వేల మైళ్లు త్రిప్పిరి. ఛార్జి చేయుట, ఖాళీచేయుట, మరల ఛార్జి చేయుట — ఇట్లు లెక్కకు మిక్కిలిగా చేసి ప్రతి అంకెను పుస్తకమున వ్రాసిరి.

1909లో క్రొత్త బ్యాటరీ వెలువడెను. అప్పటికి ఎడిసన్‌కు అఱువది రెండేండ్లు. 1910లో ఈ బ్యాటరీని అమర్చిన బెయిలీ బండ్లను వేయి మైళ్ల పరీక్షా ప్రయాణమునకు పంపిరి. అదే కాలమున డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అను కారు, ఒక్కమారు చేసిన ఛార్జితో 211 మైళ్లు, అనగా 340 కిలోమీటర్లు, పోయెను. ఇది ఎంత దూరమో మన కొలతలో చూతము. మేడ్చల్‌ను, శామీర్‌పేటను తాకుచు హైదరాబాదు చుట్టును తిరుగు ఔటర్ రింగు రోడ్డు పొడవు 158 కిలోమీటర్లు. ఆ కారు దానిని రెండుమార్లు చుట్టివచ్చినను ఇంకను ఇరువది కిలోమీటర్లకు పైగా పోగలిగియుండును. అయితే ఇది పరీక్షకై నేర్పుతో నడిపిన ప్రయాణమని గుర్తుంచుకొనవలెను. నిత్యవ్యవహారమున ఆ కారు ఒక ఛార్జికి 80 మైళ్లు పోవునని దాని తయారీదారులు చెప్పుచుండిరి. అది 130 కిలోమీటర్లకు లోబడినది. ఔటర్ రింగు రోడ్డును ఒక్కమారు చుట్టుటకు చాలదు. అయినను పట్టణమున వైద్యుడు రోగులను చూచి రాత్రికి నిర్భయముగా ఇల్లు చేరుటకు అది చాలినంత దూరమే.

ఇంతటితో విద్యుత్ బండి జయించెనని వ్రాయగలిగినచో కథ ముచ్చటగా నుండును. జరిగినది వేఱు. ఎడిసన్ బ్యాటరీ దృఢమైనది, దీర్ఘాయువు గలది. కాని వెల అధికము. కఠినమైన చలిలో దాని బలము తగ్గిపోవును. ఈలోపల 1908లో ఫోర్డు తన టి నమూనా కారును తెచ్చి, 1913 నుండి కదలు వరుసలలో తయారుచేసి, దాని వెలను ఏటేట తగ్గించుచు వచ్చెను. 1912లో కాడిలాక్ కారునందు మీటనొక్కి యంత్రమును లేపు సాధనము వచ్చుటతో చేతికఱ్ఱ ప్రయాస తీరెను. అన్నింటికంటె ముఖ్యమైనది మఱొకటి. పల్లెలలో విద్యుత్తు లేదు. పట్టణము దాటినచో బ్యాటరీని ఛార్జి చేయుటకు చోటు లేదు. పెట్రోలో, పల్లెటూరి అంగడిలోను డబ్బాలలో దొరకుచుండెను. కావున బండి ఎంత దూరము పోవుననునది బ్యాటరీ యొక్క ప్రశ్న మాత్రమే కాదు, దారి యొక్క ప్రశ్న కూడ అని తేలినది. బ్యాటరీని ఒక మనుష్యుడు పదియేండ్లు తపించి మార్చగలడు. దేశమందలి దారులన్నింటిని ఒక్కడు మార్చజాలడు.

1914లో ఫోర్డును, ఎడిసనును కలిసి చవుకయైన విద్యుత్ కారును చేయుదురని పత్రికలు ప్రకటించెను. కొన్ని నమూనాలు తయారైనవి గాని అది అంగడికి రాలేదు. పదునెనిమిదేండ్ల క్రిందట పెట్రోలు బండికై ఆశీర్వదింపబడిన యువకుడే ఇప్పుడు మిత్రుడై ప్రక్కన నిలిచినను కాలము అనుకూలింపలేదు. ఆ సంవత్సరము డిసెంబరు మాసమున వెస్ట్ ఆరంజిలోని కర్మాగారమున పెద్ద అగ్నిప్రమాదము జరిగి అనేక కట్టడములు కాలిపోయెను. అఱువది యేడేండ్ల వృద్ధుడు మఱునాడే పునర్నిర్మాణమునకు ఆజ్ఞలిచ్చెను.

మఱి ఆ పదియేండ్ల శ్రమ వృథాయైనదా? కాలేదు. కార్లు కొనకపోయినను ఇతరులు ఆ బ్యాటరీని కొనిరి. గనులలో పనివారి తలదీపములకు, రైల్వే సంకేతములకు, రైలు పెట్టెలలోని దీపములకు, సరకులు చేరవేయు బండ్లకు అది కుదిరినది. దెబ్బలకు ఓర్చునది, ఏండ్లకొలది మన్నునది, నమ్మదగినది అని పేరు పొందెను. చీకటి గనిలో దిగిన పనివాని నొసట వెలిగిన ఆ దీపమును తలచుకొనుడు. మోటారుబండ్ల కొఱకు పుట్టిన వస్తువు మనుష్యుని ప్రాణమునకు తోడైనది. ఎడిసన్‌కు వార్ధక్యమున మిక్కిలి లాభము తెచ్చిన వస్తువులలో ఇది యొకటి. ఆయన మరణానంతరము అనేక దశాబ్దములు, 1975 వఱకు, అమెరికాలో దాని తయారీ సాగెను.

1931 అక్టోబరు 18వ తేదీన ఎనుబది నాలుగవ యేట ఎడిసన్ పరలోకగతుడయ్యెను. అమెరికాలో ఆయన పేర 1,093 పేటెంట్లు గలవు. డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కార్ల తయారీ 1939 వఱకు కొనయూపిరితో సాగి ముగిసెను. అటుపిమ్మట అనేక సంవత్సరములు విద్యుత్ కారును లోకము మఱచిపోయినట్లే యుండెను.

ఆ కథ మరల ప్రారంభమైనది మఱొక బ్యాటరీతో. 1991లో జపాను దేశమున సోనీ సంస్థ లిథియం అయాన్ బ్యాటరీని విక్రయించుటకు మొదలిడెను. లిథియం లోహములన్నింటిలోను తేలికయైనది. ఎడిసన్ దానిని ద్రవములో చిటికెడు సహాయకముగా వాడెను. ఈ బ్యాటరీలోనైతే శక్తిని ఇటునటు మోయు పని దానిదే. దీనికి మూలమైన పరిశోధనలు చేసిన గుడెనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అను మువ్వురకు 2019లో నోబెల్ బహుమానము లభించెను. ఎద్దు మోయవలసిన మేత బరువు ఇట్లు తగ్గినది. ఎడిసన్‌కు లేని దారి కూడ నేడు మనకు కలదు. ఆనాటి అమెరికా పల్లెలలో లేని విద్యుత్తు ఈనాడు మన పల్లెల యిండ్లలో కలదు. ఇంటి గోడకున్న ప్లగ్గే రాత్రివేళ స్కూటరును ఛార్జి చేయును. 2019లో హైదరాబాదున 40 విద్యుత్ బస్సులు శంషాబాదు విమానాశ్రయమునకు ప్రయాణికులను చేరవేయుటకు మొదలిడెను. తెలంగాణ ప్రభుత్వము 2020లో విద్యుత్ వాహనములకై ప్రత్యేక విధానమును ప్రకటించి, 2024లో వాటిపై రహదారి పన్నును, రిజిస్ట్రేషను రుసుమును తొలగించెను.

అయినను భయము పూర్తిగా పోలేదు. పోవుటకు ఉపాయము ఎడిసన్ జీవితమునందే కలదు. 1903లో ఆయన మాటలతో భయమును పోగొట్టజూచి ఓడెను. 1909లో కొలతలతో పోగొట్టి గెలిచెను. మనమును అట్లే చేయవలెను. మీ యింట విద్యుత్ స్కూటరు ఉన్నయెడల తయారీదారుడు చెప్పిన అంకెను చూచి గర్వింపవద్దు, ప్రక్కింటివాని బెదరింపును విని జంకవద్దు. ఒక నోటు పుస్తకము తీసికొని, ఉదయము బయలుదేరునప్పుడు మీటరులోని కిలోమీటర్లను, బ్యాటరీ శాతమును వ్రాయుడు. సాయంకాలము తిరిగి వచ్చినప్పుడు మరల వ్రాయుడు. ఒంటరిగా పోయితిరా, ఇద్దఱు పోయితిరా, నిదానముగా నడిపితిరా, వేగముగా నడిపితిరా అనునది కూడ చేర్చుడు. ఒక వారము గడచునప్పటికి మీ బండి మీ దారిలో ఎంత పోవునో మీకే తెలియును.

అప్పుడు కొన్ని సత్యములు స్పష్టమగును. వేగము పెరిగిన కొలది గాలి అడ్డగించు బలము మిక్కిలి పెరుగును గనుక అదే దూరమునకు అధిక విద్యుత్తు వ్యయమగును. ఎత్తు ఎక్కునప్పుడును, బరువు మోయునప్పుడును దూరము తగ్గును. బండి కొనినప్పుడు చెప్పిన దూరము నిత్యప్రయాణమున పూర్తిగా రాదు. బ్యాటరీ ముసలిదైన కొలది కొంత తగ్గును. ఉదాహరణమునకు మీ లెక్కలో బండి నిజముగా 80 కిలోమీటర్లు పోవునని తేలినదనుకొందము. సికింద్రాబాదు పోయి వచ్చుటకు 50 చాలును. మిగిలిన 30 మీ ధైర్యము. 70 పోవలసిన దినమున మిగులునది 10 మాత్రమే గనుక పట్టణమునందే ఎచ్చటనైన అరగంట, గంట ఛార్జి చేసికొని బయలుదేరవలెను. ఇంతకంటె చిక్కు లెక్క ఇందు లేదు. మూడవ ఫారము బాలుడు చేయగల తీసివేత ఇది. తండ్రి చేయలేని ధైర్యమును ఆ తీసివేత చేయగలదు.

భయము రెండు విధములు. తెలియనిదానివలన కలుగు భయము ఒకటి, తెలిసినదానివలన కలుగు జాగ్రత్త మఱొకటి. మొదటిది మనలను ఇంట కూర్చుండబెట్టును. రెండవది మనలను క్షేమముగా ఇల్లు చేర్చును. ఎడిసన్ తన పదియేండ్ల శ్రమతో మొదటిదానిని రెండవదానిగా మార్చుట యెట్లో చూపెను. ఆయన బ్యాటరీ కారు లోకమును జయింపలేదు. ఆయన పద్ధతి జయించినది. చెడినదానిని చెడినదని ఒప్పుకొనుట, పుచ్చుకొనిన ధనమునకు బాధ్యత వహించుట, మరల మొదటినుండి కొలిచి చూచుట — ఈ మూడును ప్రయోగశాలకు మాత్రమే పనికివచ్చు గుణములు కావు. పరీక్షలో తప్పిన విద్యార్థికిని, పంట పోయిన రైతునకును, వ్యాపారమున నష్టపడిన గృహస్థునకును ఇవే దారి చూపును.

ఇకమీదట సాయంకాలమున మీ తండ్రిగారో, తల్లిగారో విద్యుత్ బండిపై సద్దులేకుండ ఇంటి ముంగిట దిగినప్పుడు, బడి విడిచిన ఒక బాలుని, వాని నేలమాళిగ సీసాలను, 1904లో తిరిగి వచ్చిన ఆ చెడిన బ్యాటరీల గుట్టను ఒక్క నిమిషము తలచుకొనుడు. పిమ్మట నోటు పుస్తకము తెఱచి ఆనాటి కిలోమీటర్లను వ్రాయుడు.